వేళ్ళకు సెలవు

అతన్ని అందరూ మూలల మేస్త్రి అనేవారు. రాతి గచ్చుకు నునుపు పట్టే పనిలో మెషిన్ తోలేవాళ్ళు కావలసినంతమంది దొరుకుతారు. గది నడుమ మెషిన్ గుండ్రంగా తిరిగి రాయిని మెరిపిస్తుంది గానీ, గోడ దగ్గరికి వచ్చేసరికి దాని ప్రతాపం చల్లబడుతుంది. మూలలూ, మెట్ల అంచులూ, గుమ్మాల పక్కలూ మనిషి గొంతుక్కూర్చుని, నీళ్ళు చల్లుకుంటూ, చేతిరాయితో రుద్దవలసిందే. ఆ పనంటే మిగతావాళ్ళు నడుములు పట్టుకునేవారు. మేస్త్రి మాత్రం తన మూలలో ఎవరైనా కూర్చుంటే కయ్యానికి వచ్చేవాడు. రుద్దడం అయ్యాక చూపుడువేలితో మూలంతా తడిమి, ఎక్కడ గరుకు తగిలినా "ఇంకా ఉంది" అని మళ్ళీ మొదలెట్టేవాడు. ఇంటి యజమానులకు ఆ తేడా తెలిసేది కాదు. తెలియకపోతే పోయె, అతనికి తెలిసేదిగా!

అతని భార్య పరాయి దేశంలో ఒక ముసలావిడను కనిపెట్టుకుని ఉండే పనిలో చేరి అయిదేళ్ళు దాటింది. పిల్లలు లేరు. ఇప్పుడు పలకలన్నీ ఫ్యాక్టరీ నుంచే మెరుస్తూ వస్తున్నాయి కాబట్టి మేస్త్రికి మునుపటి కూలిలో సగమే దొరుకుతోంది. ఆవిడ పంపేదానితోనే ఇల్లు నిలబడింది. రెండేళ్ళకోసారి సెలవు మీద పంపిస్తామని అక్కడి వాళ్ళు మాటిచ్చారు. మొదటి సెలవుకు ఆవిడ రాలేదు. రెండోదానికీ రాలేదు.

"పెద్దావిడకి నేను లేకపోతే గడవదండీ," అంది ఫోన్లో.

'నాకు గడుస్తోందని నీకెవరు చెప్పారే?' అని అడగవలసిన మాట. అది అతనికి ఫోన్ పెట్టేశాక తోచింది. ఈ మనిషికి పనికొచ్చే మాటలన్నీ ఫోన్ పెట్టేశాకే తోస్తాయి, ఏం చేస్తాం!

పనిచోట ఒక రంగులవాడు నోరు పారేసుకున్నాడు. "అక్కడి గాలి తగిలాక ఇక్కడి గాలి ఎవరికి పడుతుంది మేస్త్రీ?" అన్నాడు. మేస్త్రి ఆ రంగులవాడితో మాటలు మానేశాడు గానీ, ఆ మాట మాత్రం అతన్ని మానలేదు. పొద్దున్నే మొహం కడుక్కుంటుంటే గుర్తొచ్చేది. ముద్ద నోట్లో పెట్టుకుంటుంటే గుర్తొచ్చేది. చివరికి ఒకనాడు ఉండబట్టలేక, "నువ్వు రాకపోతే నేనే వస్తాలే," అనేశాడు.

లైన్ తెగిందేమోనని హలో హలో అన్నాడు.

"ఉన్నానండీ. రండి," అంది ఆవిడ. ఆపైన, "కానీ మీకెందుకండీ అంత శ్రమ," అంది.

ఆ 'కానీ' మేస్త్రి గుండెలో ముల్లులా దిగింది. ఇక వెళ్ళి తీరాలనుకున్నాడు. ఊళ్ళు చూడడానికి కాదు, వింతలు చూడడానికి కాదు. తన పెళ్ళానికి తను ఇంకా కావాలో అక్కర్లేదో కళ్ళారా చూసి రావాలి, అంతే.

ట్రావెల్స్ దుకాణం ఆయన కళ్ళజోడు పైకి నెట్టుకుని, "ఏ వీసా కావాలి?" అని అడిగాడు.

"మా ఆవిడ దగ్గరికెళ్ళే వీసా."

"దానికి అలా పేరుండదు బాబూ. ఆవిడ సొంతంగా ఇల్లు తీసుకుని ఉంటే కుటుంబం కింద పిలిపించుకోవచ్చు. ఉందా?"

"పనిచేసే ఇంట్లోనే ఉంటుందండీ."

"అయితే అది కుదరదు. విమానం దిగాక అక్కడికక్కడ ఇచ్చే వీసా ఒకటుంది గానీ, మన పాస్‌పోర్టుకి ఇవ్వరు. దారిలో ఆగి పోయేవాళ్ళకిచ్చేది ఇంకోటుంది. దానికి మూడో దేశం టికెట్టు చూపించాలి. నీకు మూడో దేశంలో ఎవరైనా ఉన్నారా?"

"రెండో దేశంలో ఉన్న మనిషినే చూడలేకపోతున్నానండీ!"

ఆయన నవ్వాడు. "ఇక మిగిలింది టూరిస్టు వీసా. పదిహేను రోజులు, ఒక్కసారే లోపలికి రానిస్తారు. పాస్‌పోర్టుకి ఇంకా ఆర్నెల్లు గడువుండాలి. తిరుగు టికెట్టు ముందే కొనాలి. బస ఎక్కడో చూపించాలి. వేలిముద్రలు ఇవ్వాలి. అక్కడ పనిమాత్రం చెయ్యకూడదు."

"పని చెయ్యకపోతే ఏం చెయ్యాలి?"

"చూడాలయ్యా. టూరిస్టంటే చూసేవాడు."

"అదే కదండీ, చూడ్డానికే," అన్నాడు మేస్త్రి.

గడువుంది, టికెట్టు కొన్నాడు, బస కుదిరింది. వేలిముద్రల దగ్గర బండి ఆగిపోయింది. వీసా ఆఫీసులో గాజు పలక మీద నాలుగు వేళ్ళు ఆనించమన్నారు. ఆనించాడు. ఎర్ర దీపం. తుడుచుకోమన్నారు, తుడుచుకున్నాడు. ఎర్ర దీపం. గట్టిగా నొక్కమంటే మెషిన్ విరిగేలా నొక్కాడు. కౌంటర్లో అమ్మాయి లేచి వచ్చి అతని చెయ్యి తిరగేసి, దీపం కిందకు లాగి చూసింది.

"మీరేం పని చేస్తారండీ?"

"రాయి రుద్దుతానమ్మా."

"రాయితోపాటు ఇవీ అరిగిపోయాయండీ. వేళ్ళ మీద గీతలే లేవు."

మేస్త్రి నోరు వెళ్ళబెట్టాడు. ఇన్నేళ్ళూ మూలలు నున్నగా చేస్తున్నానని పొంగిపోయాడు గానీ, తన వేళ్ళూ నున్నగా అవుతున్నాయని అతనికేం తెలుసు? ఆ అమ్మాయి మంచిది, కసురుకోలేదు. "కొన్నాళ్ళు పని మానెయ్యండి. నీళ్ళలో చేతులు పెట్టొద్దు. క్రీము రాసుకోండి. చర్మం మళ్ళీ పుడుతుంది, గీతలు వాటంతటవే వస్తాయి. అప్పుడు రండి," అని పంపించింది.

అలా మేస్త్రి వేళ్ళు సెలవు మీద వెళ్ళాయి. మెషిన్ తోలే అతని జతగాడు చుట్టరికం లేకపోయినా 'బావా' అనే పిలిచేవాడు. అతను వచ్చి, "ఏం బావా, మహారాజులా చేతులొళ్ళో పెట్టుకుని కూర్చున్నావు! నీ అదృష్టం నాకెప్పుడు పడుతుందో," అని వేళాకోళమాడి పోయాడు. అదృష్టం కాదు, శిక్ష. పట్టపగలు తన గది ఎలా ఉంటుందో మేస్త్రి ఎప్పుడూ చూసి ఎరగడు. చీకటితో వెళ్ళి చీకటితో వచ్చి పడుకునేవాడికి గది అంటే ఒక మంచం. ఇప్పుడు చూస్తే దానికి నాలుగు గోడలున్నాయి, ఒక కిటికీ ఉంది, కిటికీలోంచి ఎదుటి మేడ వెనకవైపు గొట్టాలు కనిపిస్తున్నాయి. పై వాటాలో ఎవరో కుర్చీ ఈడుస్తారు. కాసేపాగి మళ్ళీ ఈడుస్తారు. ఆ చప్పుడు కోసం ఎదురు చూస్తున్నానని తెలిసేసరికి మేస్త్రికి తన మీద తనకే జాలేసింది.

గిన్నెలు తోముకోకూడదు, బట్టలు పిండుకోకూడదు. రబ్బరు తొడుగులు వేసుకుని గ్లాసు కడగబోతే జారి పగిలింది. గాజుముక్కలు ఎత్తుతూ చూస్తే, మంచం కింద గచ్చు మూల గరుకుగా, ఎగుడుదిగుడుగా ఉంది. ఊరందరి మూలలూ అద్దాల్లా చేసినవాడి సొంత గది సంగతి అది. చెయ్యి పీకింది గానీ రాయి ముట్టుకోలేదు. ఒకరోజు పనిచోటికి పోయి గుమ్మంలో నిలబడితే జతగాడు తరిమేశాడు. "పో బావా! నీ చూపు చూస్తుంటే ఇప్పుడే మూలలో కూలబడేలా ఉన్నావు. అక్క దగ్గరికెళ్ళే ఉద్దేశం ఉందా లేదా?"

పనిలో ఉన్నన్నాళ్ళూ అతను ఒంటరిగా ఉన్నానని అనుకోలేదు. అలిసిపోయానని అనుకునేవాడు. రెండూ ఒకటి కాదని ఇప్పుడు తెలిసింది. ఖాళీగా పడుకుని భార్యను తలుచుకుంటే ఆవిడ గొంతు గుర్తొచ్చింది, నవ్వు గుర్తొచ్చింది, నడక మాత్రం ఎంత తన్నుకున్నా గుర్తు రాలేదు. ఇద్దరూ కలిసి ఎన్నిసార్లు బజారుకు నడిచారు! ఆవిడ ముందు నడిచేదా, పక్కన నడిచేదా? అతనికి భయమేసింది. నేనే ఇంత మరిచిపోతే అక్కడున్న మనిషి ఎంత మరిచిపోయి ఉంటుంది అనుకున్నాడు. పెద్దవాడు, దిండులో మొహం పెట్టుకుని ఏడ్చాడు. చూసేవాళ్ళెవరూ లేరు కాబట్టి కాస్త గట్టిగానే ఏడ్చాడు.

చర్మం పుట్టింది. ఒక పొద్దున కిటికీ దగ్గర వేలు ఎత్తి చూస్తే సన్నగా, తడి ఇసుక మీద గాలి గీసినట్టు గీతలు. పరుగెత్తుకెళ్ళి వేలిముద్రలు ఇచ్చేశాడు. పచ్చ దీపం వెలిగింది. కౌంటర్లో అమ్మాయి అతని కంటే ఎక్కువ సంబరపడింది.

విమానం దిగాక అక్కడి కౌంటరు మీదా మళ్ళీ వేళ్ళు ఆనించమన్నారు. తిరుగు టికెట్టు చూశారు, బస చీటీ చూశారు, ముద్ర కొట్టి పొమ్మన్నారు. బయట జనంలో భార్య నిలబడి ఉంది. కాస్త చిక్కింది, చెవుల దగ్గర నెరిసింది. మేస్త్రి దగ్గరికి పోతే ఆవిడ నవ్వింది గానీ, చేతులు మాత్రం కోటు జేబుల్లోంచి తియ్యలేదు. అతని సంచీ అందుకోలేదు. చెయ్యి పట్టుకోలేదు.

"బాగున్నారా అండీ?"

"బాగానే ఉన్నాను."

బస్సులో పక్కపక్కన కూర్చున్నారు. ఆవిడ కిటికీ బయటికి చూసింది. చేతులు ఇంకా జేబుల్లోనే ఉన్నాయి. రంగులవాడి మాటే నిజమా అనుకున్నాడు మేస్త్రి. ఈసారి మాత్రం మాట చప్పున తోచింది, ఆగలేదు. "నేను రావడం నీకిష్టం లేదు కదూ?" అన్నాడు.

ఆవిడ గిరుక్కున తిరిగింది. "ఏం మాటండీ అది?"

"రెండు సెలవులు పోయినా రాలేదు. ఇప్పుడు చెయ్యి కూడా ఇవ్వడం లేదు. ఉన్నమాట చెప్పు, తిరుగు టికెట్టు ఎలాగూ ఉంది, రేపే పోతాను."

ఆవిడ జేబుల్లోంచి చేతులు తీసి అతని ఒళ్ళో పెట్టింది. సబ్బులకీ, మందు నీళ్ళకీ, పొద్దస్తమానం తుడిచే గుడ్డలకీ ఆ వేళ్ళు ఎర్రగా, పగుళ్ళు బారి, కొసలు నున్నగా అరిగిపోయి ఉన్నాయి. మేస్త్రి బొటనవేలితో ఆ కొసలు తడిమాడు. ఒక్క గీత తగల్లేదు.

"ఇక్కడ ఉండనిచ్చే కార్డు మార్చేటప్పుడు మెషిన్ నా వేళ్ళు తీసుకోలేదండీ. పెద్దావిడ కొడుకు వచ్చి మాట్లాడితే ఎలాగో ఇచ్చారు. దేశం లోపల ఉన్నంతకాలం ఫర్వాలేదు, బయటికెళ్ళి తిరిగొస్తే మాత్రం వేళ్ళు కలవకపోతే లోపలికి రానివ్వరు అన్నారు. ఇంటికొస్తే మళ్ళీ ఇక్కడ అడుగు పెట్టలేనండీ."

"మరి చెప్పొద్దూ!"

"చెప్తే మీరేమంటారు? ఉద్యోగం పోతే పోనీ, వచ్చెయ్ అంటారు. మీరంటే నేను ఆగలేను, వచ్చేస్తాను. వచ్చాక ఏం తింటామండీ? మీ మూలలా?"

ఏడుస్తూ నవ్వింది. మేస్త్రి కూడా అదే పని చేశాడు. ముందు సీటులో వాళ్ళు వెనక్కి తిరిగి చూశారు. చూస్తే చూడనీ!

"దీనికి మందుందే. పని మానేసి కొన్నాళ్ళు ఊరికే కూర్చోవాలి, క్రీము రాసుకోవాలి. నాకలాగే వచ్చాయి," అన్నాడు ఆత్రంగా.

ఆవిడ పిచ్చివాణ్ణి చూసినట్టు చూసింది. "ఊరికే కూర్చుంటే ఇక్కడ నన్నెవరుంచుకుంటారండీ?"

మేస్త్రి తిట్టుకుంటూ గడిపిన ఖాళీ రోజులు ఈవిడకు ఎంత అడిగినా దొరకవు.

ఆ పదిహేను రోజుల్లో ఆవిడకు సెలవున్నవి రెండే. మిగతా రోజులు సాయంత్రం పెద్దావిడ కునుకు తీసే వేళకు గేటు దగ్గరికి వచ్చి కాసేపు నిలబడేది. తక్కిన పగలంతా మేస్త్రి బసలో, తెలియని వీధిలో, తెలియని భాష వింటూ, గేటు తెరిచే వేళ కోసం కూర్చునేవాడు. చివరి రోజు ఆవిడ, "మళ్ళీ ఎప్పుడో!" అని కళ్ళు తుడుచుకుంది. మేస్త్రి విమానంలో దారి పొడుగునా ఆలోచించుకుంటూ వచ్చాడు.

తిరిగొచ్చాక కొత్త ఇంటి పని తగిలింది. జతగాడు హాలు నడుమంతా మెరిపించి, మెషిన్ ఆపి, మూలలో నీళ్ళు చల్లి చేతిరాయిని మేస్త్రి వైపు నెట్టాడు.

మేస్త్రి దాన్ని చూస్తూ నిలబడ్డాడు. "ఇకనుంచి అది నువ్వు పట్టు. మెషిన్ నాకియ్యి."

"నీకేమన్నా మతిపోయిందా బావా? కూలి తగ్గుతుంది. పైగా నేను పట్టానంటే మూలలన్నీ తగలేస్తాను."

"తగలెయ్యి," అన్నాడు మేస్త్రి. మెషిన్ పిడి తుడిచి పట్టుకున్నాడు. "ఆవిడ ఎలాగూ రాలేదు. ఏటా ఒకసారి నేనే పోవాలి. మా ఇద్దరిలో ఒకరికైనా వేళ్ళుండాలి కదరా!"