నీళ్ళు కారే ఇల్లు

2009 జనవరిలో సుందర్ రాజ్ మా ఆయన పద్మనాభాన్ని లాగి కొట్టాడు. పెదవి చిట్లి రక్తం చొక్కా మీద పడింది. ఇంకో రెండు పడాల్సిందని ఇప్పటికీ అంటాను.

సుందర్ రాజ్ అమెరికాలో మేముండే ఐసెలిన్ చుట్టుపక్కల ఇళ్ళలో హీటింగ్ బాయిలర్లు బాగుచేస్తాడు. ఒకప్పుడు గోదావరి జిల్లాలో చక్కెర మిల్లు పనివాడు. అక్కడ బాయిలర్ పేలి సొంత తమ్ముడు కళ్ళముందే ఉడికిపోయాడు. భార్య దెబోరాకి నర్సు ఉద్యోగం రావడంతో ఇద్దరూ ఇక్కడికి వచ్చారు. ఆదివారం తెలుగు చర్చిలో కీర్తనలు, మిగతా రోజులు నోరు తెరిస్తే బూతులు. అప్పటికి గ్రీన్ కార్డు ఇంకా రాలేదు. పోలీసు కేసు ఒక్కటి పడితే మూటాముల్లె సర్దుకోవాల్సిందే.

మా బాయిలర్‌లో రోజూ ప్రెషర్ పడిపోయేది. వేడెక్కితే, ఎక్కువైన ప్రెషర్ని బయటికి వదిలే సేఫ్టీ వాల్వ్ గొట్టంలోంచి నీళ్ళు కారేవి, చల్లారాక ప్రెషర్ చూపే ముల్లు సున్నాకి దిగేది.

"వేడికి ఉబ్బిన నీళ్ళు పట్టే ట్యాంక్ పోయిందండీ. శనివారం కొత్తది తెస్తా. అప్పటిదాకా ఆ గొట్టం టచ్ చేయకండి," అని చెప్పి వెళ్ళాడు సుందర్ రాజ్.

నీళ్ళు కారే ఇంట్లో లక్ష్మి నిలవదని మా ఆయన పట్టింపు. ఆ గొట్టానికి క్యాప్ బిగించేశాడు.

శనివారం సుందర్ రాజ్ వచ్చాక మేం ముగ్గురం బేస్‌మెంట్‌లోకి దిగేసరికి ముల్లు ఎర్రగీత దాటిపోయింది. బాయిలర్ దడదడలాడుతోంది. సుందర్ రాజ్ పరుగెత్తి స్విచ్ ఆపాడు.

"చూశావా, ప్రెషర్ ఇప్పుడు పడట్లేదు! నేనే ఫిక్స్ చేశా," అన్నాడు మా ఆయన గొప్పగా.

దెబ్బ అప్పుడు పడింది.

"పైన పాప ఆడుకుంటోంది, దరిద్రుడా! ఇల్లు లేచిపోయేది!" అని అరిచాడు సుందర్ రాజ్.

మా ఆయన మాత్రం తనని కొట్టారని 911కి ఫోన్ చేసి పోలీసుల్ని పిలిచాడు.

"ఎవరు కొట్టారు?" అని పోలీసు అడిగాడు. సుందర్ రాజ్ ఒప్పుకోవడానికి ముందుకు అడుగేశాడు. పైన మా దేదీప్య నవ్వు వినిపిస్తోంది.

"నేనే," అన్నాను. తెలుగులో మా ఆయనతో, "కాదని అనండి చూద్దాం. పాపని తీసుకుని ఇప్పుడే వెళ్ళిపోతా," అన్నాను.

ఆయన తల దించుకుని, "అవును, మా ఆవిడే," అన్నాడు.

మొగుడూ పెళ్ళాల గొడవే కదా, మందలించి పోతాడనుకున్నాను. ఈ రాష్ట్రంలో ఒంటి మీద గాయం కనిపిస్తే పెళ్ళాన్నైనా పట్టుకుపోవాల్సిందేనట. నా చేతులకి బేడీలు పడ్డాయి.

నిజం చెప్పడానికి ఇద్దరు మగాళ్ళూ ఒకేసారి నోరు తెరిచారు. ఇద్దర్నీ నోరు మూసుకోమన్నాను.