దసరా దాకా పెరిగిన మార్కులు

పోయిన ఆదివారం మా చర్చిలో సాక్ష్యాలు చెప్పే సమయంలో ఒకావిడ లేచి నిలబడి, తన కొడుకుకు పరీక్షల్లో మార్కులు పెరిగాయని దేవునికి స్తోత్రాలు చెల్లించింది. అందరూ హల్లెలూయా అన్నారు. నేను మాత్రం తల వంచుకుని బైబిలు కవరు జిప్పు లాగుతూ కూర్చున్నాను. పక్కనున్న మా చెల్లెలూ అదే పనిలో ఉంది. మా ఇద్దరికీ జిప్పులతో అంత రాచకార్యమేమీ లేదు. పంజాగుట్టలో మెట్రో లైను పక్కన ఓ బిల్డింగు పైఅంతస్తు హాలే మా చర్చి. రైలు పోయినప్పుడల్లా పాస్టరు గారు వాక్యం ఆపి, అది వెళ్లాక మళ్లీ అందుకుంటారు. ముందటేడు దసరా సెలవులకు ముందు, అదే హాలులో మా చెల్లెలు కూడా అలాగే లేచి నిలబడింది. కూతుర్ని కూడా చెయ్యి పట్టి లేపి పక్కన నిలబెట్టింది.

ఆ కథ చెప్పాలంటే ముందు మా మరిది, అంటే మా చెల్లెలి భర్త గురించి చెప్పాలి. ఆయన మైత్రీవనంలో ఒక కంప్యూటర్ కోచింగ్ సెంటర్లో కౌన్సెలర్. అంటే పాఠం చెప్పడు. గుమ్మం దగ్గర టేబుల్ వేసుకుని, జిల్లాల నుంచి కొడుకుల్ని వెంటబెట్టుకుని వచ్చే తండ్రులకు ధైర్యం చెబుతాడు. మధ్యలో వాళ్లు ఫోన్ చేస్తే, "మీ బాబు మస్తు ఇంప్రూవ్ అవుతుండు సార్, ఫికర్ చేయకుండ్రి" అంటాడు. ఆ బాబు ఎవరో, క్లాసుకు వస్తున్నాడో సినిమాకు పోతున్నాడో ఆయనకు చాలాసార్లు తెలియదు. అలాగని చెడ్డవాడు కాదు. తన మాటకు అవతలి మనిషి గొంతు తేలికపడితే నిజంగానే సంతోషిస్తాడు, ఆ రోజు ఇంటికి మిర్చీలు కట్టించుకుని వస్తాడు. ఇలాంటివాడికి ఇంకొకరు అదే మాట చెబితే ఇట్టే పట్టేస్తాడని మీరనుకుంటారు. నేనూ అనుకున్నాను. రోజంతా స్వీట్లు అమ్మేవాడు పండక్కి పక్క కొట్టులో స్వీట్లు కొని మురిసిపోయినట్టు అయింది ఆయన పని.

పిల్ల ఎనిమిదో తరగతి దాకా యూసుఫ్‌గూడలో మేమంతా కలిసి ఉండే ఇంటి వెనక గల్లీలోని చిన్న బడిలో చదివింది. ఆట స్థలం లేదు, అద్దె ఇంట్లో నడిచే బడి. పెద్ద టీచరమ్మది కృష్ణా జిల్లా, లెక్కలు ఆవిడే చెప్పేది. మా పిల్ల ఫస్టూ కాదు, లాస్టూ కాదు. కానీ ఒక లెక్క తెలిసిందంటే ఇక మా ప్రాణాలు తీసేది. నేను అన్నం వారుస్తుంటే గంజి కాలుతోందే అన్నా వినకుండా, త్రిభుజం కోణాలు కలిపితే ఎంతొస్తుందో నాకు ఒప్పజెప్పేది. నాకా కోణాలు అక్కర్లేదు గాని దాని ముఖం చూడ్డం బాగుండేది. తొమ్మిదిలో మా మరిది దాన్ని అమీర్‌పేటలో ఓ పెద్ద బడికి మార్చాడు. టై, బూట్లు, వారం వారం పరీక్ష, ఆ మార్కులు నాన్న ఫోన్లోకి. ఏడాది తిరిగేసరికి పిల్ల అన్నం దగ్గర మాట్లాడటం మానేసింది. పదో తరగతి మొదలవగానే మార్కులు మరీ దిగిపోయాయి. అప్పుడది తండ్రిని ఒక్కటే అడిగింది, పాత బడికి పంపమని.

మా మరిది కాదనలేదు. దసరా దాకా చూద్దామన్నాడు. అప్పటికీ మార్కులు పెరగకపోతే తనే చెయ్యి పట్టుకుని తీసుకుపోయి పాత బడిలో కూర్చోబెడతానని నా ముందే మాటిచ్చాడు. టీచరమ్మ కూడా సరేనంది. పిల్ల ఆ మాటను గట్టిగా పట్టుకుని రోజులు లెక్కబెట్టడం మొదలుపెట్టింది.

ఆగస్టులో బడి నుంచి ఒక మెసేజీ వచ్చింది, మీ అమ్మాయిని ప్రత్యేక శ్రద్ధ తీసుకునే బ్యాచ్‌లోకి మారుస్తున్నాం అని. మా మరిది పొంగిపోయాడు. ఆ తర్వాత మార్కులు పెరగడం మొదలైంది. ఒక వారం కాస్త, ఇంకో వారం ఇంకాస్త. ఫోన్లో ఆకుపచ్చ గీత ఒకటి పైకి ఎక్కుతూ పోయేది. ఆ గీతను ఆయన ఛాయ్ అమ్మే భాయ్‌కి చూపించాడు, కోచింగుకు వచ్చిన తండ్రులకు చూపించాడు, మాసబ్ ట్యాంక్‌లో ఆఫీసు ఫైళ్ల మధ్య కూర్చున్న నాకు వాట్సాప్‌లో పంపించాడు. నేను కళ్లద్దాలు పెట్టుకుని మరీ చూశాను. పైకి పోతోంది. అంతకంటే నాకేం తెలుసు? ఇంటిల్లిపాదీ ఆ గీతను చూసినవాళ్లమే గాని, పిల్ల ముఖం చూసినవాళ్లెవరూ లేరు.

ఒక సాయంత్రం పిల్ల మా అందరి ముందూ మెల్లగా అంది. "పేపర్ మస్తు ఈజీగ ఇస్తుండ్రు డాడీ."

మా మరిది నా వైపు తిరిగాడు. "విన్నవా వదినా? మొన్నటిదాక కష్టం కష్టమన్న పిల్ల, ఇప్పుడు ఈజీ అంటుంది. ఇంప్రూవ్‌మెంట్ అంటే గిదే."

ఆ మాట మాకందరికీ ఎంతో సబబుగా తోచింది. వంట గదిలోంచి మా చెల్లెలు ప్రభువా నీకు స్తోత్రం అంది. పిల్ల ఇంకేదో చెప్పబోయి ఊరుకుంది. ఆ ఆదివారమే చర్చిలో సాక్ష్యం. సంఘమంతా చప్పట్లు కొడుతుంటే పిల్ల తల్లి పక్కన నిలబడి, నేల చూపులు చూసింది. సిగ్గుపడుతోందని ముసలమ్మలు ముచ్చటపడ్డారు. దసరా సెలవులు వచ్చాయి, పోయాయి. పాత బడి మాట ఎవరూ ఎత్తలేదు. మార్కులు పెరిగాయి కదా, ఇంకెందుకు?

డిసెంబరులో బడిలోని పదో తరగతి సెక్షన్లన్నిటికీ కలిపి ఒకటే పేపరు పెట్టారు. గీత దబ్బున కింద పడింది. మా చెల్లెలు ఏడుస్తూ నన్ను కూడా బడిలో పేరెంట్స్ మీటింగుకు రమ్మంది. లెక్కల సారు చిన్న కుర్రాడు, కొత్తగా చేరినట్టున్నాడు, దాపరికం తెలియదు. ఈ బ్యాచ్‌కు వారం వారం పేపరు వేరే ఉంటుందని, పుస్తకంలో చేయించిన లెక్కలే మళ్లీ ఇస్తామని మామూలుగా చెప్పేశాడు. వెనకబడ్డవాళ్లందర్నీ ఆ బ్యాచ్‌లోకే పంపుతారట. మరి మాకెందుకు చెప్పలేదని మా మరిది అడిగాడు.

"మార్కులు పెరుగుతుంటే పేరెంట్స్‌కు ధైర్యం ఉంటది కద సార్" అన్నాడా కుర్రాడు.

మా మరిది ఫోను జేబులో పెట్టుకుని లేచాడు. రోజూ తను చెప్పే మాటే కదా అది. మెట్లు దిగి రోడ్డు మీదికి వచ్చాక మాత్రం కూతురి మీద విరుచుకుపడ్డాడు, ముందే ఎందుకు చెప్పలేదని. అది ఏడవలేదు, గొంతు పెంచలేదు. "చెప్పిన గద డాడీ" అంది. ఆ రోజు నాకు మా మరిది మీద వచ్చినంత కోపం ఇంకెవరి మీదా రాలేదు. కాసేపటికి ఆయన కర్చీఫుతో కళ్లు తుడుచుకుంటుంటే అదీ నిలవలేదు.

ఆటో మాట్లాడుకుని తిన్నగా యూసుఫ్‌గూడ పాత బడికే పోయాం. టీచరమ్మ మమ్మల్ని కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చింది. అంతా విని, పిల్లను దగ్గరికి తీసుకుంది. "దసరా ముందు తీసుకొచ్చుంటే నేనే చదివించుకునేదాన్నమ్మా. ఇప్పుడు పబ్లిక్ పరీక్షకి పేర్లన్నీ వెళ్లిపోయాయి. నా చేతుల్లో ఏమీ లేదు" అంది. పక్క గదిలో పదో తరగతి పిల్లలు బోర్డు దగ్గర గుంపుగా చేరి ఏదో లెక్క మీద పోట్లాడుకుంటున్నారు. మా పిల్ల గుమ్మంలో నిలబడి అటే చూసింది. ఇంటికి పోదాం రా బిడ్డా అని నేను పిలిచేదాకా అలాగే ఉంది.

పరీక్షలో లెక్కలు పోయాయి. సప్లిమెంటరీలో గట్టెక్కింది. ఇప్పుడు ఇంటర్, అమీర్‌పేటలోనే ఏదో కాలేజీ. మా మరిది రోజూ పక్కన కూర్చుని చదివిస్తానంటాడు, అది వద్దనదు, పుస్తకం తెరిచి పెట్టుకుంటుంది. మొన్న ఆదివారం చర్చి నుంచి వచ్చాక నేనే అడిగాను, చదువు ఎట్లుంది బిడ్డా, నీకు వస్తున్నదా అని. చాలాసేపు ఆలోచించింది. పదిహేడేళ్ల పిల్ల అంతసేపు ఆలోచించాల్సిన ప్రశ్న కాదు అది.

"నాకు వచ్చో రాదో నాకే తెల్వది పెద్దమ్మా" అంది. "ఎట్ల తెలుస్తది?"

మా పెద్దవాళ్లకు ఆగస్టు నుంచి దసరా దాకా అంటే ఓ గ్యాసు బండ అయిపోవడం, ఇంకోటి రావడం, అంతే. దాని బడి మొత్తం ఆ రెండు నెలల్లోనే అయిపోయింది.