వీపులే గీసినవాడు

టెక్కలి ఆసుపత్రిలో మా మరిది పోయాడు. కబురొచ్చిన పూటే సంఘపెద్ద మా గుమ్మం ఎక్కాడు. పరామర్శకనుకుని చాప వేశాను. కాదు, చర్చి గోడ మీద మరిది గీసిన బొమ్మ కోసమట. గీసినవాడు ఎలాగూ లేడు కదా, పలాస నుంచి ఫ్లెక్సీలు వేసే మనిషిని తెచ్చి బొమ్మలో జనానికి మొహాలు పెట్టిస్తానన్నాడు. అప్పటికి శవం ఇంకా ఇల్లు చేరలేదు.

అందుకే నేను చెబుతున్నాను, మనవరాలు రాస్తోంది. సంఘం వాళ్లంతా వినండి.

మరిది బోర్డులు రాసేవాడు. రాసిన రోజులకన్నా పడుకున్న రోజులే ఎక్కువ. అడిగితే "రంగు ఆరాల, వదినా" అనేవాడు. డబ్బా మూత కూడా తీసి ఉండేవాడు కాదు. తుఫాను వచ్చిన ఏడాది, ఐగుప్తు వదిలి అరణ్యంలో నడిచే ఇశ్రాయేలీయులను గీయమన్నారు పాస్టరు గారు. బైబిల్లో అరణ్యమంటే ఎడారి. వీడు ఎడారి ఎక్కడ చూశాడు? మన ఉద్దానమే గీశాడు. తలలు విరిగిన కొబ్బరిచెట్లు, వేళ్లతో లేచిన జీడిచెట్లు, ఇసుక, మధ్యన జనం. అందరివీ వీపులే. మొహాలేవిరా అన్నాను.

"మొకం గీత్తే పేరెడతారు, వదినా. పేరెడితే తగువే."

ఆ తగువూ తప్పలేదు. బొమ్మలో ముందు కర్ర పట్టుకున్నవాడు తన తండ్రేనంటాడు సంఘపెద్ద. ఆ తండ్రి తుఫాను నాడు అందరికన్నా ముందే జీపెక్కి పోయాడు. ముందున్న మాట మాత్రం నిజమే. చివర కుంటుతూ వెనకబడ్డ ఆడది, వదిలొచ్చిన ఐగుప్తు ఉల్లిపాయల కోసం సణిగే పాపి అని పాస్టరు గారి ప్రసంగం. ఉల్లిపాయల కోసం ఎవరైనా కుంటుతారా? ఆ కుంటిది నేను. తుఫానుకు ఊరు వదిలి నందిగాం వైపు నడిచినప్పుడు నా మోకాలు మొరాయించింది.

ఎవరు పెద్ద, ఎవరు పాపి అని ఇన్నేళ్లు కొట్టుకున్నారే, ఇదంతా చూసినవాడు ఎక్కడున్నాడని ఒక్కరూ అడగలేదు. నా వెనక. ఆ సోమరి ఆ దారంతా నా వెనకే నడిచాడు. ముందుకు పొమ్మని తిట్టాను.

"నువ్వు పడిపోతే ముందెల్లినోడికి అవుపడదు కదేటి" అన్నాడు.

మొహాలు పెడితే జనమంతా ఇటు తిరుగుతారు, వెనక వాడు నిలబడ్డ చోటు పోతుంది. గోడ ముట్టుకునేవాడు ముందు నా చేతికర్ర దాటాలి.

నిన్న వాణ్ణి సమాధుల తోటకు మోసుకెళ్లారు. పెట్టె ముందు సంఘపెద్ద, తర్వాత జనం, అందరికన్నా వెనక నేను. జీడిచెట్ల మధ్య అన్నీ వీపులే. ఒక్కరూ తిరిగి చూడలేదు. నేనే ఓసారి వెనక్కి చూశాను. ఇసుకలో నా అడుగులు, పక్కన చేతికర్ర గుంటలు. వాటి మీద ఇంకొకరి అడుగు లేదు.