కృష్ణగిరి దారిలో ఉడికిన మామ కారు

మేము చిన్నపిల్లలుగా ఉండేటప్పుడు... కారు శూలగిరి దగ్గరికొచ్చిందంటే చాలు, మా నాయన రోడ్డు చూడడు. కారులో వేడి చూపించే ముల్లునే చూస్తాడు. వెనక సీట్లో రోజాపూల కట్టలు, తడి గోతాలు, వాటి నడుమ ఇరుక్కొని నేనూ తమ్ముడూ. ముందర అమ్మ. ఎవరూ నోరెత్తకూడదు.

"ఎక్కుతా ఉంది... చూడే, ఎక్కుతా ఉంది!" అనేవాడు నాయన. అంతే, బానెట్ సందుల్లో నుంచి బుస్సుమని ఆవిరి...

మాది తళి పక్కన పల్లె, పూలతోట. ఆ తెల్లకారు మా మామది, అంటే అమ్మ వాళ్ల అన్నది. హోసూరులో ఉండె. వేరే బండి తీసుకొని దీన్ని మాకిచ్చినాడు. ఆ దినం నుంచే ఇంట్లో పోరు మొదలాయె.

ఊర్లో తిరిగితే బంగారం మాదిరి ఉంటాది. మా చలికి దానికేమి రోగం? ఎండలో పూలు వేసుకొని కృష్ణగిరికి పోతేనే ఉడుకుతాది. నాయనకు ఇంగేమి కావాల... "మీ యన్న తెలిసే అంటగట్టినాడే. చల్లటి ఊరోడు, యాడ కనిపెడతాడులే అనుకున్నాడు!"

మెకానిక్‌కు చూపించప్పా అంటే వినడు. బాగుండే సామాను పీక్కొని పాతవి బిగిస్తారంట. పెట్రోలు పోసినవాని మీద అనుమానం, పక్కింటోళ్ల కళ్ల మీద అనుమానం... తిరిగి తిరిగి మళ్లీ మామ మీదికే వస్తాది. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు మా నాయనకు.

మధ్యలో నలిగింది అమ్మ. అన్న ఇంటికి పోయొస్తే నాయన మూతి ముడుచుకుంటాడని పోయేదే మానేసింది. అంతలో మామకు ఆడబిడ్డ పుట్టె. మా ఇండ్లల్లో బిడ్డను ఉయ్యాల తొట్లో వేసి చెవిలో పేరు చెప్పేది మేనత్త. మామకు అమ్మ తప్ప ఇంకో తోడబుట్టింది లేదు. పేరు పెట్టే ఆదివారం దగ్గర పడతా ఉంది, నాయన ఊ అనడు. బిడ్డకని కుట్టిన గౌను పెట్టెలో పెట్టుకొని అమ్మ ఏడుస్తా ఉండె... ఇప్పుడు తలుచుకున్నా నాకు నాయన మీద కోపమొస్తాది.

కడకు మామే వచ్చినాడు. అమ్మ కాఫీ ఇస్తే ముట్టలేదు.

"ఏం బావా, నేను మోసం చేసినానని ఊరంతా చెప్తా ఉన్నావంట?"

"నేను నీ పేరెత్తినానా? గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకుంటావేమి!" అన్నాడు నాయన.

"ఎక్కు బావా బండి. ఇప్పుడే కృష్ణగిరికి పోదాం, నేనే తోలతాను."

అందరమూ ఎక్కినాము. యాడ ఏమి మాయ చేస్తాడో అని నాయన మామ చేతులనే చూస్తా కూర్చున్నాడు. మామేమో చెవి రిక్కించి, "ఇది నా బండి శబ్దం కాదే... ఏమి మార్చినావు బావా?" అంటాడు. శూలగిరి దాటినాక ముల్లు లేచె. పక్కకు తీసి ఆపినాడు.

ఇంజిన్ చల్లారేదాకా రేడియేటర్ మూత తీయకూడదు, ఉడుకునీళ్లు మొఖాన కొడతాయి. ఇద్దరూ గట్టు మీద చెరో పక్కకు తిరిగి కూర్చున్నారు. లారీలు పోతా ఉండె. చానా సేపటికి మామ, "తోట ఎట్లుంది?" అన్నాడు. "రోజాలకు బూజు పట్టింది" అన్నాడు నాయన. ఇంకో లారీ పోయినాక... "పాప ఎవరి పోలిక?" అనడిగె.

"మా చెల్లెలి పోలికే."

చల్లారినాక మామ మూత తీసి, తగ్గిన నీళ్లు పోసినాడు. యాడా కారడం లేదు. ఫ్యాన్ బెల్టు బిగువుగానే ఉంది. స్టార్టు చేయించి ఫ్యాన్ వెనక దూరంగా చెయ్యి పెట్టి చూసె, గాలి తగలడం లేదు. ముందరికొచ్చి, వంగి, జాలీ లోపల చెయ్యి దూర్చి లాగితే... మట్టి పట్టి, ఎండి, అట్ట మాదిరి బిగుసుకున్న గోతం! దాని వెనక ఇంకోటి.

"ఇదేంది బావా?"

"తడి గోతం... పూలు వాడకుండా చుడతాము గదా, ఇంజిన్‌కూ చల్లగా ఉంటాదని బండి వచ్చిన దినమే కట్టినాను. అయినా ఉడుకుతా ఉంటే ఇంకోటి పెట్టినాను."

"ముక్కు మూసి ఊపిరి పీల్చుకో అంటే ఎట్ల బావా? దీనికి గాలి గదా కావాల!"

మామ నవ్వబోయినాడు. అమ్మ నవ్వలేదు. ఆ గోతాలను కాలితో తన్ని, "నా పుట్టింటి గడప తొక్కనీకుండా చేసింది ఈ గోతమా!" అని రోడ్డు మీదనే భోరున ఏడ్చింది. నాయన తల దించుకున్నాడు. "ఆదివారం పొద్దున్నే బయల్దేరదాంలే" అన్నాడు. అంతకు మించి ఆయన నోట రాదు.

ఆదివారం అమ్మ మేనకోడలి చెవిలో పేరు చెప్పింది. బండి మళ్లీ ఉడకలేదు. అయినా నాయనకు నమ్మకం లేదు... ముల్లే చెడిపోయిందేమో అని అనుమానం!

ఇప్పుడు బండికి ఏమైనా అయితే షెడ్‌లో వైరు తగిలించి, కంప్యూటర్‌లో చూసి నిమిషంలో చెప్పేస్తారు. మంచిదే. కానీ కోపమున్న మనుషులను చల్లారేదాకా ఒకే గట్టు మీద కూర్చోబెట్టేది ఇంగేముంది? మీ ఇంట్లో అట్లాంటి బండి ఉండి ఉంటే చెప్పండప్పా, వినాలనుంది...

తోట పంచుకున్నప్పటి నుంచి నా మీద మా తమ్మునికి అనుమానం, వాని మీద నాకు. ఇద్దరమూ చెరో కారులో అదే రోడ్డున పోతాము. చెయ్యి కూడా ఎత్తుకోము. ఏ బండీ ఉడకదు... ఏ బండీ ఆగదు. వాడు నన్ను అక్కా అని పిలిచి చానా దినాలాయె.