అడిగిన మనిషి

నంద్యాలలో మా వీధికి మళ్ళీ తారు వేస్తున్నారు. పొద్దున ఆ వాసన వంటింట్లోకి రాగానే పొయ్యిలో కట్టెలు వెనక్కి లాగి గేటు దగ్గరకు వెళ్ళి నిలబడ్డాను. నా కళ్ళు రోలరును చూడలేదు. చంకలో కాగితాల చుట్ట, నెత్తిన చెమటకు రంగు మారిన టోపీ ఉన్న మనిషి కోసం వెతికాయి. ఆయన లేరని నాకు తెలుసు. తారు వాసనకు మాత్రం ఆ సంగతి తెలియదు.

ఆయన పేరు యేసురత్నం. గోస్పాడు వైపు ఒక బడిపంతులు గారి కొడుకు, రోడ్ల ఓవర్సీరు. పందొమ్మిది వందల యాభైల్లో నేను ఆయన కింద కంకర తట్టలు మోసే కూలిని. నంద్యాలలో పాత కంకర రోడ్డు తవ్వి కొత్తది వేస్తున్నప్పుడు, పక్క కాలువ తవ్వే గడ్డపార నీళ్ళ గొట్టానికి తగిలింది. మూడు రోజులు ఆ పేటలో కుళాయి రాలేదు. ఆడవాళ్ళు ఖాళీ బిందెలతో వచ్చి మమ్మల్ని తిట్టిన తిట్లు ఇప్పటికీ చెవిలో ఉన్నాయి. ఆ గొట్టం అక్కడుందని నాకు ముందే తెలుసు. రెండేళ్ళ క్రితం దాన్ని పూడ్చిన కూలీల్లో నేనూ ఉన్నాను. ఆ మాట పక్కనున్న ఆమెతో అంటుంటే ఓవర్సీరు విన్నారు.

"తెలిసీ యాలమ్మే చెప్పలేదు?"

"నన్నెవురు అడిగినారు సార్?"

అనేశాక భయం వేసింది. రేపటి నుంచి పని ఉండదనుకున్నాను. ఆయన కంకర గుట్ట మీద కూర్చుని టోపీ తీశారు. "నిజమే. నేను అడగల్యా" అన్నారు.

మరుసటి ఏడు ఆళ్ళగడ్డ రోడ్డు పని వచ్చింది. ఇంకొక్క గొట్టం పగిలితే ఉద్యోగం ఊడుతుందని పైవాళ్ళు ఆయనకు చెప్పినట్లు మా కూలీలందరికీ తెలుసు. అక్కడ రోడ్డు కింద ఉన్నది ఆసుపత్రికి నీళ్ళు పోయే గొట్టం. ఆయన ప్లాను గీయకముందే నీళ్ళ ఆఫీసుకు, కరెంటు వాళ్ళకు, తంతి వాళ్ళకు ఉత్తరాలు రాశారు. ఎవరూ రాలేదు. మళ్ళీ రాశారు. మూడోసారి తానే వెళ్ళి వాళ్ళ గుమ్మాల ముందు కూర్చుని, ముగ్గురినీ ఒకే రోజు రోడ్డు మీదికి తెచ్చారు. "గీత కాగితం మీదుంటే రబ్బరుతో జరపొచ్చు. రోడ్డేసినాక గడ్డపారతో జరపాల" అని వాళ్ళకు చెప్పి, నా వైపు తిరిగి, "సుంకమ్మా, తట్ట కింద పెట్టి నువ్వూ రా" అన్నారు.

నీళ్ళ ఆఫీసు ఫిట్టరు మస్తాన్ నవ్వాడు. "ఏంది సార్, ఈయమ్మ కూడా ఆఫీసరేనా?"

వాళ్ళ కాగితంలో గొట్టం తిన్నగా ఉంది. నేను కాదన్నాను. "మేము దీన్ని పూడ్చేటప్పుడు ఈడ నాపరాయి అడ్డమొచ్చింది. కమ్మరి కొట్టం పక్కకు తిప్పినాం."

"కాగితంలో యాడుందక్కా ఆ మలుపు?"

"కాగితంలో లేదప్పా, నా కాలికుంది. ఆ రాయి మీదపడే ఈ గోరు ఊడింది" అని బొటనవేలు చూపించాను.

అందరూ నవ్వారు. ఓవర్సీరు నవ్వలేదు. "రెండు చోట్లా తవ్వండి" అన్నారు.

కాగితం చెప్పిన చోట రాయి తప్ప ఏమీ లేదు. కమ్మరి కొట్టం పక్కన తవ్వుతుంటే గుంత అంచునే నిలబడ్డాను. నా మాట తప్పయితే పోయేది ఆయన ఉద్యోగం. మోకాలి లోతు, తొడ లోతు, ఇంకా మట్టే. తర్వాత పార అంచు మెల్లగా టంగుమంది.

"అక్కా, మా ఆఫీసు కంటే నీ కాలే నయం" అన్నాడు మస్తాన్.

ఓవర్సీరు అక్కడే గొంతుక్కూర్చుని, రబ్బరుతో కాలువ గీత చెరిపి ఇవతలికి గీశారు. గొట్టం మలుపు దగ్గర ఏదో రాశారు.

"ఏంది సార్ రాస్తాండారు?"

"చెప్పినది సుంకమ్మ అని. ఇదో, ఇది నువ్వే."

వేలితో తాకితే పెన్సిలు పొడి అంటింది.

"రేపు నాకు బదిలీ అయితే, నా తర్వాత వచ్చేటోడు నిన్ను యాడని వెతుకుతాడు? అందుకే రాసేది. నువ్వూ నేర్చుకోమ్మే."

"తట్టలు మోసేదానికి అచ్చరాలెందుకు సార్?" అని నవ్వాను. ఆ నవ్వును ఇప్పుడు వెనక్కి తీసుకోవాలనిపిస్తుంది.

రోడ్డు పూర్తి కాకముందే ఆయనకు బదిలీ అయింది. చాగలమర్రి వైపు పోయే బస్సు మా పక్కనుంచే వెళ్ళింది. కిటికీలోంచి ఆయన చెయ్యి ఊపారు. నా నెత్తిన కంకర తట్ట, రెండు చేతులూ దానికే. దించేలోపు దుమ్ము తప్ప ఏమీ కనబడలేదు.

నాకు యాభై ఏళ్ళు దాటాక, మనవరాలి పలక మీద అక్షరాలు దిద్దుకున్నాను. నా పేరు కంటే ముందు ఆయన పేరు రాయమని అడిగి నేర్చుకున్నాను. ఉత్తరం రాద్దామని ఊరు కనుక్కుంటే, ఆయన పోయి చాలా ఏళ్ళయిందన్నారు.

ఇవాళ రోడ్డు దగ్గరున్న ఇంజనీరును అడిగాను. "నీళ్ళోళ్ళను అడిగినారా నాయనా?"

"ఫోను చేసినామవ్వా, వస్తారు" అంటూనే అతను మా గోడ వైపు చూశాడు. మా వీధిలో గొట్టం వేసిన నాడు నేను రాసిన రాత అది. ఏటా సున్నం కొట్టాక మళ్ళీ దిద్దుతాను. అతను పైకి చదివాడు: "గేటు నుంచి నాలుగు అడుగులు. లోతు మూడు అడుగులు. చెప్పినది సుంకమ్మ."

టేపు తీసి కొలిచాడు. పక్క కాలువ తవ్వేవాళ్ళను గొట్టానికి అవతలికి జరగమన్నాడు. "ఇట్ల రాసిపెట్టాలని నీకెవరు చెప్పినారవ్వా?"

లోపలికి వెళ్ళి పొయ్యిలోంచి చల్లారిన బొగ్గు తెచ్చాను. నా పేరు కింద మెల్లగా, గుండ్రంగా రాశాను.

అడిగినది యేసురత్నం.