గొట్టానికి జ్వరం చూసే మేస్త్రి

ఇంజను మంటతోనే నడుస్తుందని వాదించే ఈ కాలపు చదువుకున్నవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. చల్లదనం లేని మంట ఎందుకూ కొరగాదని, బడి మెట్లెక్కని నాకు ఒక స్టీమరు మేస్త్రి నేర్పాడు.

నా పెళ్ళికి విజ్జేశ్వరం నుంచి నరసాపురానికి కాలవ మీద వెళ్తున్నాం. మా స్టీమరు మేస్త్రి మాటిమాటికీ చెయ్యి తిరగేసి, జ్వరం చూసినట్టు ఒక గొట్టాన్ని తాకేవాడు. ఇంజనులో పని ముగించుకొచ్చిన ఆవిరిని అక్కడ కాలవనీళ్ళు చల్లార్చి మళ్ళీ నీరు చేస్తాయి. ఆ నీరే తిరిగి బాయిలరుకు పోతుంది.

భోజనాలయ్యాక మా మేనమామ విస్తళ్ళన్నీ కాలవలోకి విసిరాడు. కాసేపటికి స్టీమరు ఆగిపోయింది.

"ముహూర్తం దాటిపోతోంది, మంట పెంచవయ్యా!" అని మామయ్యే కేకలేశాడు.

"మంటకేం లోటు లేదండి. తమరి విస్తళ్ళే కాలవనీళ్ళు పీల్చే జల్లెడకి అడ్డంపడి, ఆవిరి చల్లారటం లేదండి. ఒకరి ఎంగిలి మా వాళ్ళు ముట్టరండి, తమరే దిగాలి," అన్నాడు మేస్త్రి.

మామయ్య పట్టుపంచె ఎగ్గట్టి, పీకలోతు నీళ్ళలో తిట్టుకుంటూ ఆకులన్నీ లాగి పైకొచ్చాడు. మేస్త్రి గొట్టం తాకి తలూపాడు. ఆనక మామయ్య తడినుదుటి మీద కూడా చెయ్యి తిరగేసి పెట్టాడు.

"గొట్టం చల్లారిందండి. తమరే ఇంకా చల్లారలేదు."

ముహూర్తానికి అందుకున్నాం గాని, మామయ్య మాత్రం అప్పగింతల దాకా చల్లారలేదు.