తెక్లా పెట్టిన నియమం

మా చర్చి గ్రంథపాలకుల వార్షిక సభకు ప్రసంగాల కోసం వచ్చేవాళ్ళు తక్కువ. ఆ మాట పైకి అంటే అధ్యక్షుడు ఫాదర్ సిప్రియాన్ మొహం మాడ్చుకుంటాడు గానీ, నిజం అదే. మేం వచ్చేది బల్ల కోసం. ఏటా ఏదో ఒక సెమినరీ, అంటే ఫాదర్లు కాబోయే కుర్రాళ్ళ బడి, ఆతిథ్యమిస్తుంది. అక్కడి భోజనశాల బయట పొడుగాటి బల్ల వేస్తారు. ఎవరి లైబ్రరీలో ఏ పుస్తకానికి రెండో ప్రతి ఉంటే దాన్ని తెచ్చి ఆ బల్ల మీద పెడతారు. కావలసినవాళ్ళు తమ లైబ్రరీ పేరు రాసిన చీటీ అందులో దూర్చి, ఆఖరి రోజు పట్టుకెళ్తారు.

ఆ బల్లకు నియమాలు పెట్టింది తెక్లా. ఒకప్పుడు ఒక ఫాదర్ గారు బల్ల మీది పాత బైబిళ్ళు సంచీలో వేసుకుపోయి వార్సాలో పాత పుస్తకాల కొట్టుకు అమ్ముకున్నాడు. మరుసటి ఏడు తెక్లా సభలో లేచి నిలబడింది.

"బల్ల మీది పుస్తకం లైబ్రరీకే పోవాలి, మనిషికి కాదు. లోపలి పాత లైబ్రరీ ముద్రను ఆ లైబ్రరీ మనిషే ఎర్ర సిరాతో అడ్డంగా గీసి కొట్టేసి సంతకం పెట్టాలి. కొట్టేయని పుస్తకాన్ని ముట్టుకున్నవాడు దొంగ" అంది. చివరి మాట అంటున్నప్పుడు ఆ ఫాదర్ వైపే చూసింది. అందరూ చేతులెత్తారు. పాపం, ఆయన కూడా ఎత్తాడు.

తెక్లా రొట్టెలు కాల్చే ఆయన కూతురు. ఓద్రా నది ఒడ్డున ఉన్న సెమినరీలో దుమ్ము దులిపే పనికి చేరి, రాత్రి బడిలో చదువుకుని, చివరికి అక్కడి లైబ్రరీకే పెద్ద అయింది. లైబ్రరీనే పెళ్ళాడిందని జనం అనేవాళ్ళు. ఒట్టిమాట. రైలింజను నడిపే ఒకతన్ని ప్రేమించింది. అతను సముద్రం దగ్గరికి బదిలీ చేయించుకుని రమ్మంటే, నేలమాళిగలో పుస్తకాలకు చెమ్మ పడుతోంది, అది తేలాక వస్తానందట. "చెమ్మ తేలలేదే లుచీనా, అతనికి మాత్రం ఇద్దరు పిల్లలు పుట్టేశారు" అని నాతో చెప్పి నవ్వేది. సభకు వచ్చినప్పుడల్లా మా ఇద్దరికీ ఒకటే గది. గురక పెట్టేది. ఇంటి నుంచి గసగసాల రొట్టె తెచ్చేది కాబట్టి ఓర్చుకున్నాను.

పెద్ద వరద వచ్చిన ఏడు నది లైబ్రరీ కింది అంతస్తులోకి వచ్చేసింది. తడిసిన పుస్తకాలను బండ్ల మీద వాళ్ళ నాన్న రొట్టెల బట్టీకి మోయించి, రొట్టెలు ఆరబెట్టే చెక్కల మీద ఒక్కొక్కటీ పరిచింది. ఆ ఎండాకాలమంతా ఊరివాళ్ళు రొట్టె కోసం పక్క ఊరు పోయారు, తిట్టుకుంటూనే. పుస్తకాలు బతికాయి. అడుగు అంచున గోధుమరంగు చార మాత్రం మిగిలిపోయింది. వాటికి ఇప్పటికీ రొట్టె వాసన వస్తుందనేది. నాకెప్పుడూ రాలేదు.

తరవాత్తరవాత సెమినరీలో చేరే కుర్రాళ్ళు తగ్గిపోయారు. చివరికి అందరూ కూర్చుని తినడానికి భోజనాల గదిలో ఒక మూల బల్లే సరిపోయేది. మూసేస్తారన్న మాట పుట్టింది. తెక్లాకు ఒక్కటే ఆశ. మూస్తే మూయనీ, పుస్తకాలు మాత్రం చెల్లాచెదురు కాకుండా అన్నీ ఒకే చోటికి పోవాలి. అలా చేయమని బిషప్ గారిని కోరుతూ సభ మొత్తం తీర్మానం చేయాలి. ఆ ఏటి సభలో ఆఖరి రోజు మాట్లాడేందుకు ఆమెకు సమయమిచ్చారు. రైల్లో ఆ ప్రసంగం నాకు వినిపించి వినిపించి చెవులకు తూట్లు పొడిచింది.

పెట్టెలు గదిలో పడేసి ఎప్పటిలాగే బల్ల దగ్గరికి పోయాం. ఆ ఏడు ఒక బల్ల చాలక మూడు వేశారు. పెళ్ళిలో మిఠాయిల చుట్టూ మూగినట్టు అందరూ మూగి చీటీలు దూరుస్తున్నారు. తెక్లా కూడా ఉత్సాహంగా ఒక పుస్తకం తీసింది. తిప్పి అడుగు అంచు చూసింది. అది పెట్టేసి ఇంకోటి తీసింది. దాని అంచున కూడా గోధుమరంగు చార. తెరిస్తే లోపల ఆమె లైబ్రరీ ముద్ర ఉంది. ఎవరూ కొట్టేయలేదు.

"ఇవన్నీ మీ రెక్టర్ గారు పొద్దున వ్యానులో పంపించారండీ. మీకు తెలిసే అనుకున్నాం" అన్నాడు ఆతిథ్యమిచ్చిన సెమినరీ మనిషి.

తెక్లా అక్కడే నిలబడి తన సెమినరీ పెద్ద అయిన ఆ రెక్టర్‌కు, ఫాదర్ ఏమిల్‌కు, ఫోన్ చేసింది. ఆమెకు చెవుడు మొదలై ఫోన్ శబ్దం పెంచి పెట్టుకుంటుంది కనుక ఆయన మాటలు మా అందరికీ వినపడ్డాయి.

"భవనం వృద్ధాశ్రమానికి ఇచ్చేశామమ్మా. నలుగురు కుర్రాళ్ళ కోసం అంత ఇల్లు వెచ్చబెట్టడం నా వల్ల కాదు. సోమవారానికి గదులు ఖాళీ కావాలి. అక్కడ మిగిలిన పుస్తకాలు వెనక్కి పంపకండి, పంపితే కాగితం మిల్లుకే పోతాయి."

"నాకు ముందే చెప్పొచ్చుగా, ఫాదర్."

"చెబితే ఒప్పుకునేదానివా?"

ఆమె ఫోన్ పెట్టేసింది. కంచే చేను మేసిందంటే ఇదే. ఆ రెక్టర్ మీద నా కోపం ఇప్పటికీ చల్లారలేదు.

ఫాదర్ సిప్రియాన్ వచ్చి నెమ్మదిగా అన్నాడు. "తెక్లా గారూ, మీరు కొట్టేయని పుస్తకం మేం ముట్టుకోం. మీరు ఊఁ అనకపోతే ఒక్కటీ కదలదు."

"కదలకపోతే మిల్లుకు పోతాయి కదా" అంది తెక్లా.

ఆమె ఎర్ర సిరా అడిగింది.

సభ జరిగినన్నాళ్ళూ ఆమె ఆ బల్ల దగ్గరే కూర్చుంది. లోపల ప్రసంగాలు సాగుతుంటే ఇక్కడ ఒక్కో పుస్తకం తెరవడం, ముద్ర మీద అడ్డంగా గీత గీయడం, సంతకం పెట్టడం. సాయం చేస్తానన్నాను. "నీ సంతకం చెల్లదు" అంది. బీట్‌రూట్ సూప్ తెచ్చి పక్కన పెడితే చల్లారిపోయింది. చీటీలు పెట్టినవాళ్ళు ఆమె ముందు నుంచి పోవడం మానేసి, పెరటి తలుపులోంచి భోజనాలకు వెళ్ళారు. సిగ్గుపడ్డారు. కానీ ఏ ఒక్కరూ చీటీ వెనక్కి తీసుకోలేదు. తీసుకుంటే ఆ పుస్తకానికి దిక్కుండదని వాళ్ళకూ తెలుసు.

ఆఖరి రోజు ఆమె పేరు పిలిచారు. వేళ్ళనిండా ఎర్ర సిరాతో వచ్చి నిలబడింది.

"చదవడానికేమీ లేదు. కింది అరల్లో పెట్టకండి. ఒకసారి తడిసినవి కదా, చెమ్మను త్వరగా పీలుస్తాయి" అని కూర్చుంది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. కొట్టి ఉంటే నేను లేచి కొట్టేదాన్ని, వాళ్ళని.

సాయంత్రానికి బల్లలు ఖాళీ అయ్యాయి. ఎవరూ అడగని సన్నపాటి జపమాల పుస్తకం ఒకటి మిగిలింది. అది తెచ్చి ఆమె చేతిలో పెట్టాను.

"ఇదొక్కటి నీ దగ్గర ఉంచుకోవే."

"ఏ లైబ్రరీకి?"

"లైబ్రరీకి కాదు, నీకే."

"మనుషులకివ్వరు, లుచీనా."

"ఆ నియమం పెట్టింది నువ్వే కదటే. నీకోసం ఒక్కసారి సడలిస్తే ఎవరడుగుతారు?"

"పెట్టినప్పుడు నేనో లైబ్రరీని. ఇవాళ ఒట్టి మనిషిని" అంది.

చీటీ ముక్క తీసి దాని మీద మా లైబ్రరీ పేరు రాసింది. పుస్తకంలో దూర్చి నా చేతిలో పెట్టింది. ఆ తరవాత ఇద్దరం రైలుకు నడిచాం.

ఆ పుస్తకం మా లైబ్రరీలో ముందే ఒకటుంది. ఆ మాట నేను ఆమెతో అనలేదు.